వానపాము సాక్ష్యము



నేనీ ప్రసంగమునకు పూనుకొనుటకు కారణము ఒక ఇల్లాలు నన్నడిగిన ప్రశ్న.

అబిడ్సులోని పెద్ద తపాలా కచేరి నుండి నాంపల్లి స్టేషనుకు పోవు దారిలో ఇరుప్రక్కల చీలిపోవు గల్లీలు అనేకములు గలవు. వానిలో ఒకదానియందు మాకు తాతలనాటి ఇల్లొకటి కలదు. ముందు భాగమున దుకాణములు, వెనుక నాలుగు గదులు, వాని వెనుక చిన్న పెరడు. ఆ వెనుక గదులలో పాలమూరు జిల్లా నుండి వచ్చిన కుటుంబమొకటి ఏడేండ్లుగా అద్దెకున్నది. గడచిన వానకాలమున ఇంటి కప్పు కారుచున్నదని చెప్పగా చూడబోయితిని. ఆ ఇల్లాలు చంకనున్న రెండేండ్ల పిల్లను దింపి, "సారూ, ఏడేండ్లాయె ఈడ ఉండవట్టి. వాన వడ్డదంటే గల్లీల ఎర్రలు కుప్పలు కుప్పలు ఎల్తయి. మన పెరట్ల ఒక్కటి గూడ ఎల్లదు. ఎందుకు సారూ?" అని అడిగెను.

ఎర్రయన వానపాము. తెలంగాణమున గాలము వేయు పిల్లలందరును ఎరిగిన మాటయే. నేను చాల ఏండ్లు కళాశాలలో జంతుశాస్త్రము బోధించినవాడను. ఏటేట నూర్లకొలది వానపాములను పళ్లెములలో పరచి శిష్యులచేత కోయించినవాడను. బాల్యమున ఆ పెరటిలోనే ఆడుకొన్నవాడను. అయినను ఈ ప్రశ్న నా కెన్నడును తోచలేదు. చదువని కన్ను చూచినదానిని చదివిన కన్ను చూడలేదని అపుడు సిగ్గుపడితిని.

మేము మాటలాడుచుండగనే ఆ పిల్ల నేలమీది మట్టిబెడ్డ నొకదానిని తీసి నోట బెట్టుకొనెను. తల్లి చప్పున దాని నోటినుండి లాగి పారవేసెను. అప్పుడు నాకు వేరొక విషయము జ్ఞప్తికి వచ్చి గుండె జల్లుమన్నది. ఆ పెరటికి ఆనుకొనియున్న వసారాలో పూర్వ మొక అచ్చుకూటముండెడిది.

అచ్చుకూటమునందలి అక్షరములు దేనితో చేయుదురో ఈనాటి పిల్లలకు తెలియకపోవచ్చును. సీసము, అంటిమొని, తగరము, ఈ మూడును కరిగించి పోసిన మిశ్రలోహముతో చేయుదురు. అందు సీసమే హెచ్చు. అరిగిన అక్షరములను మరల కరిగించుటయు, పైకి తేలిన మడ్డిని తీసి పారవేయుటయు, పుటలను కిరసనాయిలుతోను కారపు నీటితోను కడిగి ఆ నీటిని వెలుపల పారబోయుటయు ఆ వృత్తిలో నిత్యకృత్యములు. మా వసారాలోనివారు ఆ మడ్డినంతయు పెరటి మూలనే పోసిరి. తెలిసి చేసినది కాదు, ఆనాడెవరికిని పట్టింపులేదు. కంప్యూటరులు వచ్చి ఆ వృత్తి అణగారిపోయినది. అచ్చుకూటము పోయి చాల ఏండ్లైనది. సీసము మాత్రము ఎక్కడికి పోవును? ఆకు కుళ్లి మన్నగును, నూనె కొన్నాళ్లకు విరిగిపోవును, లోహము లోహముగనే యుండును. మన దేశమున సీసము కలిపిన పెట్రోలు అమ్మకము 2000వ సంవత్సరము ఫిబ్రవరితో నిలిచిపోయినది. అంతకు పూర్వము బండ్ల పొగగొట్టములనుండి రాలిన సీసములో అధికభాగము ఈనాటికిని బాటల ప్రక్క మట్టిలో పైపొరయందే పడియున్నది.

మట్టిలో లోహమున్నదో లేదో తెలిసికొనుటకు రసాయన పరీక్షయే యున్నది గదా, వానపాముతో నేమి పని యని మీరడుగవచ్చును. రసాయన పరీక్ష అవశ్యకమే. మన నగరముననే యున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతపు మట్టిని పరీక్షించి 2001లోను, కాటేదాను ప్రాంతపు మట్టిని పరీక్షించి 2008లోను తమ ఫలితములను ప్రకటించిరి. సీసము, క్రోమియము, జింకు మొదలగునవి సహజ పరిమాణమును మించి యచట నున్నవని లోకమునకు తెలిసినది వారి వలననే. కాని రసాయనవేత్త మట్టిని గాఢమైన ఆమ్లములలో ఉడికించి, అందున్న లోహమునంతను బయటికి లాగి కొలుచును. చెట్టు వేరుగాని, పురుగు పొట్టగాని, పిల్ల కడుపుగాని అంతటి ఆమ్లము నెరుగవు. కిలోగ్రాము మట్టిలో ఇంత సీసమున్నదని చెప్పిన మాత్రమున, అందు ప్రాణికి అందునది ఎంతయో, మట్టిరేణువులను పట్టుకొని కదలక యుండునది ఎంతయో తెలియదు. సున్నపు పాలు గల మట్టిలో సీసము గట్టిగా అంటుకొనియుండును. పులిసిన మట్టిలో, ఇసుక మట్టిలో సులభముగా విడివడును. కుళ్లిన ఆకు పదార్థము దానిని పట్టియుంచును. రెండు పెరళ్లలో ఒకే కొలత సీసమున్నను ఒకటి ప్రమాదము, రెండవది అంతటి ప్రమాదము కాకపోవచ్చును. ఆ భేదమును మట్టిలో బ్రతుకువాడే చెప్పవలెను.

అట్లు బ్రతుకువారిలో వానపామును మించినవాడు లేడు. సంస్కృతమున దీనికి గండూపదమనియు, కించులుకమనియు, భూనాగమనియు పేర్లు. దీనికి కన్నులు లేవు, చెవులు లేవు, ఊపిరితిత్తులు లేవు. తడిసిన చర్మముతోనే ఊపిరి పీల్చును. కావున మట్టినీటిలో కరిగినదేదియైనను చర్మముద్వారా ఒంటికెక్కును. నోటితో మట్టిని మ్రింగుచు, అందలి కుళ్లిన పదార్థమును జీర్ణించుకొని, మిగిలినదానిని కుప్పలుగా విసర్జించును. లోపల మట్టి, వెలుపల మట్టి; మట్టితో ఇంతటి సంబంధము గల ప్రాణి వేరొకటి అరుదు. చార్లెస్ డార్విన్ 1881లో, తన మరణమునకు ముందటి యేట, ఈ జీవిని గూర్చి ఒక గ్రంథమే ప్రకటించెను. ఇంగ్లండులో అనేక ప్రదేశములందు ఎకరమునకు ఏటా పది టన్నులకు పైబడిన మట్టి వీని శరీరములగుండా పైకి వచ్చుచున్నదని అందు లెక్కకట్టెను. మన దేశపు వానపామును గూర్చి లక్నో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కరమ్ నారాయణ్ బహల్ 1926లో వ్రాసిన చిన్న గ్రంథము మా తరమువారికి వేదమువంటిది. నా ప్రతిని నేను అబిడ్సు కాలిబాటమీద, ఆదివారపు పాతపుస్తకముల బజారులో, ఒక వంటలపుస్తకమునకును రైల్వే కాలపట్టికకును నడుమ కొన్నాను. అమ్మినవానికి అది పాములను గూర్చిన పుస్తకమని నమ్మకము. దానిచేత రెండు రూపాయలు హెచ్చు పుచ్చుకొనెను.

ఇచట నొక చిత్రమైన సంగతి చెప్పి ముందుకు పోయెదను. మన రసశాస్త్ర గ్రంథములందు భూనాగసత్త్వమను నొక ద్రవ్యము కలదు. వానపాములనుండియు, అవి యుండు మట్టినుండియు, పుటము పెట్టి లోహమువంటి సత్త్వమును తీయు విధానము వానియందు చెప్పబడినది. ఆ ప్రక్రియ ఎంతవరకు ఫలించునో నేను చేసి చూడలేదు. ఈ జీవి యొడలిలో లోహము చేరునన్న ఊహ మాత్రము మన దేశమునకు క్రొత్తది కాదు.

ఆధునికులు కొలిచి చూచిన దేమనగా, లోహములన్నియు వానపాములో ఒకేవిధముగా చేరవు. కాడ్మియము మట్టిలో నున్నదానికంటె పురుగు ఒంటిలో పలురెట్లు హెచ్చుగా చేరును. సీసము సాధారణముగా మట్టిలోనికంటె ఒంటిలో తక్కువగనే యుండును. అయినను మట్టిలో పెరిగినకొలది ఒంటిలోను పెరుగును. రాగి, జింకు ప్రాణమునకు కావలసినవే కనుక, వానిని పురుగు కొంతవరకు తన అదుపులో నుంచుకొనగలదు. ఒంటికెక్కిన విషమును ఏమిచేయును? కాడ్మియమును పట్టి బంధించు ఒక మాంసకృత్తు కలదు. దానిని 1957లో మొదట గుఱ్ఱపు మూత్రపిండమునందు కనుగొనిరి. మెటలోథయొనీను అని పేరు. తరువాత వానపాములోను ఆ జాతి మాంసకృత్తు కనబడినది. కాడ్మియము తగిలినంతనే పురుగు దీనిని హెచ్చుగా తయారుచేసికొనును. సీసమునకు వేరొక ఏర్పాటు. వానపాము పేగును చుట్టి పసుపుపచ్చని కణములపొర యొకటి యుండును. మేము పళ్లెములో కోయునప్పుడు వ్రేళ్లకంటు పసుపు అదియే. ఆ కణములలో కాల్షియము, భాస్వరము గల సన్నని గుళికలుండును. సీసము వచ్చి ఆ గుళికలలో చిక్కుపడును. ఇనుపపెట్టెలో దాచినట్లు విషమును ఒక మూల దాచి, పురుగు తన పని తాను చేసికొనుచుండును.

దీనివలన ఒక చిక్కు వచ్చుచున్నది. వానపాములున్నంత మాత్రమున మట్టి మంచిదని చెప్పరాదు. అమెరికాలో మేరీలాండు రాష్ట్రమున బాటల ప్రక్క వానపాములను పట్టి పరీక్షించి, 1973లో ఫలితములు ప్రకటించిరి. పదిలక్షల పాళ్లలో మూడువందల పాళ్లకు పైగా సీసము మోయుచు బ్రతికియున్న పురుగులు వారికి దొరకినవి. బాటనుండి దూరమైనకొలది ఆ భారము తగ్గినది. పురుగు బ్రతికెను సరే, దానిని తిన్న పక్షి మాటేమి? నేడు నేను ఈ రేడియో కేంద్రమునకు పబ్లిక్ గార్డెన్సులోనుండి నడిచి వచ్చితిని. రాత్రి వాన కురిసియుండుటచే గోరువంకలు పచ్చికలో వానపాములను ముక్కులతో లాగుచున్నవి. పురుగు దాచుకొన్న మూట ఈ విధముగా చేతులు మారుచుండును.

కావున వానపాము రెండు విధములుగా సాక్ష్యము చెప్పును. లేకుండుట యొక సాక్ష్యము. ఉండి ఒంటిలో మోయుట రెండవ సాక్ష్యము. మా పెరటిది మొదటి జాతి.

ఈ మొదటి సాక్ష్యమునకు పేరుపొందిన స్థలము ఇంగ్లండులో బ్రిస్టలు నగరము ప్రక్కనున్న ఏవన్‌మవుత్. అచట జింకు, సీసము, కాడ్మియము కరిగించు గొప్ప కొలిమి యుండెడిది; 2003లో మూతపడినది. దానికి దగ్గరి అడవులలోనికి పోయినవారికి మొదట అడుగుక్రింద మెత్తగా తగులునది ఆకులపొర. ఏండ్లతరబడి రాలిన ఆకు కుళ్లక పొరపై పొరగా పేరుకొని యుండెను. ఆకును తిని మట్టిలో కలుపు వానపాములు, రోకలిబండలు, ఇతర పురుగులు అచట లేకపోవుటయో, మిక్కిలి అరుదగుటయో అందులకు కారణము. కొలిమికి దూరమైనకొలది ఆకులపొర పలుచనై, పురుగులు కనబడసాగినవి. ఏ యంత్రము లేకయే, రాలిన ఆకులపొర మందమును చూచి విషపు జాడను పట్టవచ్చునన్నమాట. స్వీడనులో గుసుమ్ అను ఊరి ఇత్తడి కర్మాగారము చుట్టును ఇట్టి దృశ్యమే కనబడినది. ఇచట నాంపల్లిలో ఈ పరీక్షకు అవకాశము లేదు. రాలిన ఆకును తెల్లవారకముందే చీపుళ్లతో ఊడ్చివేయుదురు.

ఏవన్‌మవుత్‌లో స్టీఫెన్ హాప్కిన్ అను శాస్త్రజ్ఞుడు మరియొక పురుగును సాక్షిగా నిలిపెను. పూలకుండీ ఎత్తిచూచినపుడు క్రింద పరుగెత్తు బూడిదరంగు పురుగులు, తట్టినచో కొన్ని గుండ్రముగా చుట్టుకొనునవి, మీరెరిగినవే. అవి పీతల జాతికి చెందినవి. వాని పొట్టలోని జీర్ణగ్రంథి రాగి, జింకు, కాడ్మియము, సీసములను కూడబెట్టుకొనుటలో అసాధారణమైనది. ఇంకను చిన్నవి, ఆవగింజకంటె సన్నవి, తోకక్రింది కొంకితో ఎగిరిపడు తెల్లని పురుగులు కలవు. ఇంగ్లీషున స్ప్రింగుటెయిలు లందురు. ఇవి కుబుసము విడుచునపుడెల్ల పేగు లోపొరను గూడ విడిచి, దానితో లోహమును వెలుపలికి పంపివేయును. ఇట్టి పురుగులను మట్టినుండి వేరుచేయుటకు ఒక గరాటు, క్రింద జల్లెడ, పైన విద్యుద్దీపము చాలును. వేడికి, వెలుతురుకు ఓర్వలేక పురుగులు క్రిందికి దిగి సీసాలో పడును. ఇటలీ దేశస్థుడు బెర్లేసే 1905లో వేడినీటితో ఈ గరాటును నడుపగా, స్వీడను దేశస్థుడు టుల్‌గ్రెన్ 1918లో దీపమును పెట్టెను. దీపము పురుగులకు దగ్గరగా పెట్టినచో దిగకముందే మాడిపోవునని నా శిష్యుల అనుభవము.

ఇక మా పెరటికి వత్తును. మొదట నిజముగా పురుగులు లేవో, లేక పైకి రావో చూడవలెను. దీనికి వంటింటి సామగ్రి చాలును. లీటరు నీటికి పది గ్రాముల ఆవపిండి కలిపి, రెండు జేనల నిడివి, రెండు జేనల వెడల్పు గల చోట మెల్లగా పోసినచో, ఆవ ఘాటుకు క్రిందనున్న వానపాములు గిలగిలలాడుచు పైకి వచ్చును. పిమ్మట వానిని మంచినీటిలో కడిగినచో బ్రతుకును. గల్లీ చివర వేపచెట్టు మొదట పోసితిని, తొమ్మిది వచ్చినవి. పెరటిలో నాలుగుచోట్ల పోసితిని, ఒక్కటియు రాలేదు. ఆ ఇల్లాలు గడపలో నిలిచి, "నేను జెప్పలే!" అన్నది.

పురుగులు లేకపోవుటకు కారణములు వేరుగా నుండవచ్చును. నేల గట్టిపడి యుండవచ్చును. తిండి లేకపోవచ్చును. ఉప్పుండవచ్చును. కిరసనాయిలు మిగిలియుండవచ్చును. కావున రెండవ పరీక్ష చేసితిని. 2008లో అంతర్జాతీయ ప్రమాణముగా వెలువడిన విధానమిది. ఒక పెట్టెను నడుమ పలకతో రెండుగా చేసి, ఒకవైపు మంచిమట్టి, రెండవవైపు సందేహపు మట్టి నింపి, పలకను తీసి, ఆ నడిమి గీతమీద పది వానపాములను విడువవలెను. 48 గంటల పిమ్మట పలకను మరల దించి, ఏవైపున ఎన్నియున్నవో లెక్కింపవలెను. పదింట ఎనిమిదింటికి పైగా మంచిమట్టివైపు చేరియున్నచో, రెండవ మట్టి ప్రాణికి నివాసయోగ్యము కాదని నిర్ణయము. ఈ పరీక్షలో పురుగు చావనక్కరలేదు; ఇష్టమైన చోటికి పోనిచ్చి ఊరకుండుటయే. మా గల్లీలో ఒక జైన వర్తకుడు కలడు. నా పెట్టెలను చూచి విషయము విని, పరీక్ష ముగిసిన పిమ్మట వానిని వదలివేయుదునా యని ముమ్మారు అడిగి, వదలుదునని మాట పుచ్చుకొని గాని కదలలేదు.

మంచిమట్టిని పబ్లిక్ గార్డెన్సులో, బాటకు దూరముగా, తోటమాలుల అనుమతితో తెచ్చితిని. వర్మికంపోస్టు చేయువారియొద్ద ఎర్రని వానపాములు కొంటిని. ముందుగా రెండువైపులను తోటమట్టినే నింపి చూచితిని. ఇది విడువరాని మెట్టు. పురుగులు గుంపుగా ఒకచోట చేరు స్వభావము గలవైనచో ఫలితము మనలను మోసగించును. అవి రెండువైపులకును దాదాపు సమముగనే పోయినవి. పిమ్మట పెరటిమట్టితో అయిదు పెట్టెలు పెట్టితిని. రెండు దినములకు పలకలు దించి చూచినచో, పెరటిమట్టివైపు నాలుగు పెట్టెలలో ఒక్కటియు లేదు. అయిదవదానిలో ఒక్కటి కలదు. అది మందకొడిదై కదలకుండ పడియుండెను.

ఇంతటితో తృప్తిపడక మూడవ పరీక్ష చేసితిని. నాకు మిక్కిలి పాఠము చెప్పినది ఇదియే. 1984లో వెలువడిన మొదటి అంతర్జాతీయ విధానమున పురుగులను మట్టిలో 14 దినములుంచి ఎన్ని చచ్చినవో లెక్కించెడివారు. చావు చాల మొరటు కొలబద్దయని త్వరలోనే తెలిసినది. 2004 నాటి విధానమున పెద్దపురుగులను 28 దినములుంచి తీసివేసి, అవి పెట్టిన గ్రుడ్లగూళ్లు పొదుగుటకు మరి 28 దినములు ఆగి, పిల్లలను లెక్కింతురు. పేడ తిండిగా పెట్టి, పెరటిమట్టిలో పది పెద్దపురుగులను విడిచితిని. 28 దినములకు పదియు బ్రతికియే యున్నవి. బరువు కొంత తగ్గినవి, అంతే. నేను అక్కడితో ఆపియున్నచో మట్టి మంచిదేయని చెప్పియుందును. 56వ దినమున తోటమట్టి డబ్బాలో పిల్లలు దారపు పోగులవలె లెక్కకు మిక్కిలిగా నుండగా, పెరటిమట్టి డబ్బాలో వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే కనబడినవి. పెద్దలను చంపని విషము పిల్లలను పుట్టనీయలేదు. ఇంగ్లండువారు 1990ల నడుమ ఇంకను సూక్ష్మమైన మార్గమును కనిపెట్టిరి. పురుగు ఒంటిలోని ద్రవమునుండి కణములను తీసి ఒక ఎర్రని రంగు పట్టించి, ఆ కణము రంగును ఎన్ని నిముషములు పట్టియుంచగలదో చూతురు. లోహముచే నలిగిన కణము త్వరగా రంగును విడుచును. దీనికి సూక్ష్మదర్శిని, ఓపిక రెండును కావలెను. నా కన్నులకు ఇప్పుడా ఓపిక లేదు.

వానపాము ఇంతవరకు చెప్పును, ఇంతకుమించి చెప్పలేదు. దొంగ ఇంటిలో నున్నాడని చెప్పును గాని, వాని పేరు చెప్పదు. అది సీసమో, అంటిమొనియో, మరేదియో తేల్చుటకు రసాయనవేత్త కావలెను. పెరటిమట్టిని ఒక ప్రయోగశాలకు పంపితిని. సీసమే యని, అదియు మిక్కిలిగా నున్నదని జవాబు వచ్చినది. పురుగు ఒంటిలో సీసమెంతయో కొలిపింపదలచినవారు ఒక జాగ్రత్త పాటింపవలెను: పట్టిన పురుగును ఒకటి రెండు దినములు తడికాగితముమీద నుంచి, కడుపులోని మట్టి పోవునట్లు చేయవలెను. లేనిచో పురుగు పేరుతో మట్టినే కొలిచినవారగుదురు.

ఇంతలో నేను ఆ పిల్లను మరువలేదు. మూడవ పరీక్ష ముగియువరకు ఆగనును లేదు. పెట్టెల ఫలితము చూచిన నాడే ఆ తల్లిదండ్రులతో మాటలాడితిని. 1999లో మన దేశపు పెద్దనగరములలో ఇరువదివేలమందికి పైగా రక్తము పరీక్షింపగా, పండ్రెండేండ్లలోపు పిల్లలలో సగముమందికి పైగా డెసిలీటరునకు 10 మైక్రోగ్రాములు, అంతకుమించి సీసముండెను. నేడు ఆ 10 అను గీతను కూడ వైద్యులు ఒప్పరు. ఇంతవరకు హానిలేదని చెప్పదగిన కొలత ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. పెద్దవారి కడుపుకంటె పిల్లల కడుపు సీసమును హెచ్చుపాలు పీల్చుకొనును. అది చేయు చెరుపు ముఖ్యముగా పెరుగుచున్న మెదడునకు. వానపాము విషయమున 56 దినములు ఆగి చూచినది ఇదియే గదా యని నాకు తోచినది. పిల్ల రక్తమును పరీక్ష చేయించితిమి. ఉండదగినదానికంటె హెచ్చుగనే యున్నది. మందులతో దించవలసినంత కాదని, మట్టితో సంబంధము తప్పించి, ఇనుము, కాల్షియము గల ఆహారము పెట్టి, కొన్ని నెలలకు మరల పరీక్షింపుమని వైద్యురాలు చెప్పినది. ఇనుము తక్కువైన ఒడలు సీసమును హెచ్చుగా గ్రహించునట.

తల్లి వెంటనే అడిగిన ప్రశ్న, "మరి తోటకూర, సారూ?" అని. పెరటి మూల ఆమె తోటకూర, పుదీన పెంచుచున్నది. ఆ మూలయే మడ్డి పోసిన మూల. ఆకుకూరలకు లోపలికంటె పైన అంటిన మట్టివలన హెచ్చు ప్రమాదము. కడుగుట మంచిదే కాని చాలదు. వానిని పెరికివేసి, క్రొత్తమట్టి నింపిన కుండీలలో గోడమీద పెట్టించితిని. మూలమట్టిని జేనెడు లోతున త్రవ్వించి, సంచులలో కట్టించి, ప్రమాదకరమైన వ్యర్థములను తీసికొనిపోవువారికి అప్పగించితిని. మిగిలిన నేలమీద పశువుల ఎరువు, కొంచెము సున్నము కలిపిన మట్టి పరపించి, పైన బండలు వేయించితిని. సున్నము, ఎరువు సీసమును పోగొట్టవు, కదలనీయక పట్టియుంచును. బండలు పిల్ల చేతిని దానికి దూరముంచును. ఖర్చు నాది, మడ్డి పోసినవారికి వసారా అద్దెకిచ్చి ఏటేట సొమ్ము పుచ్చుకొన్నది మా ఇంటివారే గదా.

అబిడ్సు, నాంపల్లి ప్రాంతములలో మా ఇంటివంటి ఇండ్లు మరికొన్ని ఉండకపోవు. పూర్వము అచ్చుకూటములున్న వసారాలు, బ్యాటరీలు విప్పి బాగుచేసిన మూలలు, రాగి దేగిశాలకు కళాయి పూసిన అరుగులు, సీసపు రంగులు గీకి పారవేసిన గోడల క్రిందులు చూడదగినవి. అట్టిచోట పిల్లలాడుకొను పెరడున్నచో, వచ్చు వానకాలమున తొలివాన కురిసిన మరునాడు ఉదయమున లేచి చూడుడు. గల్లీలో ఎర్రలుండి మీ పెరటిలో లేనిచో, ఆవపిండి నీరు పోసి చూడుడు. అప్పటికిని రానిచో మట్టిని ప్రయోగశాలకు పంపుడు. పిల్లను వైద్యునికి చూపుడు. ఈ రెండవది మొదటిదానికై ఆగనక్కరలేదు.

నా పెట్టెలలోని పురుగులను, జైన వర్తకునికి ఇచ్చిన మాట ప్రకారము, వదలివేసితిని. తోటమట్టివైపున నున్నవానిని వర్మికంపోస్టు తొట్టిలో విడిచితిని. పెరటిమట్టిలో 56 దినముల పరీక్షకు లోనైనవానిని మాత్రము వదలుటకు మనసొప్పలేదు. ఏ గోరువంక నోటనో పడునని భయము. అవి ఇప్పటికిని మూతగల డబ్బాలో పేడ తినుచు నా బల్లక్రింద నున్నవి. ఆయన అడిగినపుడు, ఇంకను బ్రతికియున్నవనియే చెప్పుచున్నాను.